జ్యూరీ పోయింది, జంకు మిగిలింది

"ఇది ట్రయల్లో తేలాల్సిన విషయం."

మన క్రిమినల్ కోర్టుల్లో ఇంతగా అరిగిపోయిన వాక్యం ఇంకోటి ఉండదేమో. ముద్దాయి తరఫు లాయరు లేచి, "అయ్యా, ఈ ఛార్జిషీటులో మా వాడి మీద సాక్ష్యమే లేదు, ఇక్కడే వదిలెయ్యండి" అంటాడు. జడ్జిగారు ఫైలు తిరగేసి ఈ వాక్యం చెప్తారు. అంతే. ఆ తర్వాత ఐదేళ్ళో, పదేళ్ళో, పదిహేనేళ్ళో. చివరికి అదే ఫైలు, అదే సాక్ష్యం, "నేరం రుజువు కాలేదు, నిర్దోషి". ఈలోపు ఆ మనిషి ఉద్యోగం, పెళ్ళి, ఆరోగ్యం, అమ్మానాన్నలు... ఏవి మిగిలాయో, ఏవి పోయాయో కోర్టు రికార్డులో ఉండదు.

వినడానికి ఈ వాక్యం ఎంతో వినయంగా ఉంటుంది. "తొందరపడి నేను తీర్పు చెప్పను, అన్నీ విన్నాకే" అన్నట్టు. నా వాదన ఏంటంటే, ఇది మనది కాని వినయం. వేరే దేశాల్లో, వేరే ఏర్పాటు కోసం పుట్టింది. ఆ ఏర్పాటుని మనం 1974లోనే తీసి పారేశాం. వినయాన్ని మాత్రం దాచుకున్నాం.

ఆ ఏర్పాటు పేరు జ్యూరీ.

నేను లాయర్ని కాను. కోడు రాసుకుని బతికేవాణ్ణి. కాకపోతే పాతికేళ్ళ నాటి కోడులో ఎవడో పెట్టిన ఒక "ఇఫ్" కండిషను, అది ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తు లేకపోయినా, "ముట్టుకుంటే ఏమవుతుందో" అన్న భయంతో అలాగే కొనసాగడం రోజూ చూస్తుంటాను. మన నేర విచారణ చట్టంలో అచ్చంగా అలాంటి కండిషనే ఒకటుంది. దాని కథ చెప్తాను.

జ్యూరీ ఉన్న చోట జడ్జి ఎందుకు తగ్గుతాడు?

ఇంగ్లండులో, అమెరికాలో పెద్ద నేరాల విచారణలో ఇద్దరుంటారు. చట్టం చెప్పేది జడ్జి. వాస్తవం తేల్చేది జ్యూరీ, అంటే ఊళ్ళోంచి పిలిపించిన పన్నెండు మంది మామూలు మనుషులు. సాక్షి నిజం చెప్తున్నాడా అబద్ధం చెప్తున్నాడా అన్నది వాళ్ళ పని. జడ్జి అందులో వేలు పెట్టకూడదు.

మరి సాక్ష్యం మరీ పేలవంగా ఉంటే? అప్పుడు జడ్జి కేసు జ్యూరీ దాకా పోనివ్వాలా, మధ్యలోనే ఆపాలా? ఇంగ్లండులో దీనికి 1981లో గాల్‌బ్రైత్ కేసులో లార్డ్ లేన్ ఒక లెక్క చెప్పాడు. నాకు అర్థమైనంతలో అది మూడు ముక్కలు.

1. ముద్దాయి నేరం చేశాడనడానికి అసలు సాక్ష్యమే లేదు. ఆపెయ్.
2. సాక్ష్యం ఉంది, కానీ దాన్ని ప్రాసిక్యూషన్ వైపు నుంచి ఎంత ఉదారంగా చూసినా, సరిగ్గా ఆలోచించే జ్యూరీ దాని మీద శిక్ష వెయ్యలేదు. అప్పుడూ ఆపెయ్.
3. కేసు బలమంతా ఫలానా సాక్షిని నమ్ముతామా లేదా అన్న దాని మీద ఉంది. అది నీ పని కాదు. జ్యూరీకి వదిలెయ్.

అమెరికాలోనూ ఇంచుమించు ఇదే ప్రశ్న. వివేకం ఉన్న జ్యూరీ ఏదైనా ఈ సాక్ష్యంతో, సహేతుకమైన అనుమానానికి తావు లేకుండా నేరం రుజువైందని అనుకోగలదా? శిక్ష పడ్డాక పై కోర్టులు కూడా ఇదే అడగాలని 1979లో జాక్సన్ వర్సెస్ వర్జీనియా తీర్పులో అక్కడి సుప్రీం కోర్టు చెప్పింది.

అక్కడి జడ్జి జంకడానికి ఇంకో కారణం కూడా ఉంది. జ్యూరీ తీర్పు రాకముందే, సాక్ష్యం చాలదని జడ్జి నిర్దోషి అనేస్తే, అంతే సంగతులు. ప్రభుత్వానికి రెండో అవకాశం లేదు. 2013లో ఎవాన్స్ వర్సెస్ మిచిగన్ అని ఒక కేసు. ఒక ఇల్లు తగలబెట్టాడని ఆరోపణ. ట్రయల్ జడ్జి చట్టాన్నే తప్పుగా చదివి, చట్టంలో లేని రుజువు అడిగి, అది లేదని వదిలేశాడు. అది పొరపాటేనని అందరూ ఒప్పుకున్నారు. అయినా సరే, ఆ మనిషిని మళ్ళీ విచారించడానికి వీల్లేదని సుప్రీం కోర్టు తేల్చింది. అందుకే అక్కడి జడ్జీలు ముందు జ్యూరీ మాట విని, తర్వాత తమ నిర్ణయం చెప్పే వెసులుబాటు కూడా నియమాల్లో పెట్టుకున్నారు.

కాబట్టి అక్కడి జడ్జి "జ్యూరీని తేల్చనిద్దాం" అంటే అందులో అర్థం ఉంది. పక్కన ఇంకొకళ్ళు ఉన్నారు, ఆ పని వాళ్ళది, తను తప్పు చేస్తే దిద్దుకునే దారి లేదు.

మరి మన జడ్జి ఎవరిని తేల్చనిస్తున్నాడు?

తననే! "ఇది ట్రయల్లో తేలాలి" అని ఇవాళ అన్న జడ్జే (లేదా బదిలీ మీద ఆ కుర్చీలోకి వచ్చిన ఇంకో జడ్జి) రేపు ట్రయల్లో తేల్చాలి. వాస్తవం తేల్చేదీ ఆయనే, చట్టం చెప్పేదీ ఆయనే. ఎవరి అధికారాన్ని గౌరవించి వెనక్కి తగ్గుతున్నట్టు?

కాపీ పేస్టు చరిత్ర

ఇదివరకు మనకీ జ్యూరీ ఉండేది. దేశమంతా, అన్ని కేసుల్లోనూ కాదు కానీ, ఉండేది. బ్రిటిష్ వాళ్ళ 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 289వ సెక్షను చూడండి. ప్రాసిక్యూషన్ సాక్ష్యం అయిపోయాక, ముద్దాయి నేరం చేశాడనడానికి "సాక్ష్యమే లేదు" అని జడ్జి అనుకుంటే, నిర్దోషి అని తీర్పు చెప్పమని జ్యూరీకి సూచించొచ్చు. "సాక్ష్యం చాలదు" అనలేదు. "సాక్ష్యమే లేదు" అన్నారు. ఎందుకంటే చాలుతుందా చాలదా అన్నది జ్యూరీ చూసుకుంటుంది. చాలా న్యాయమైన గీత.

తర్వాత 1958లో లా కమిషన్ తన 14వ నివేదికలో జ్యూరీని ఎత్తెయ్యమంది. 1959లో నానావతి కేసు వచ్చింది (అక్షయ్ కుమార్ "రుస్తుం" చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు). చివరికి 1973 నాటి కొత్త కోడు 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. జ్యూరీ మాయం.

మరి 289వ సెక్షను ఏమైంది? 232వ సెక్షను అయింది. మాటలు దాదాపు అవే. ప్రాసిక్యూషన్ సాక్ష్యం అయ్యాక "సాక్ష్యమే లేదు" అని జడ్జి అనుకుంటే నిర్దోషిగా ప్రకటించాలి. జ్యూరీ కోసం గీసిన గీత, జ్యూరీ లేని కోర్టులో! తెలుగులో చెప్పాలంటే, అత్తగారు పోయి యాభై ఏళ్ళయినా కోడలు ఇంకా తలుపు చాటునే నిలబడి మాట్లాడుతోంది.

2023లో "వలసవాదపు చట్టాలని వదిలించుకుంటున్నాం" అని డప్పు కొట్టి మరీ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత తెచ్చారు. 2024 జూలై 1 నుంచి అమలు. అందులో అదే సెక్షను 255గా వచ్చి కూచుంది. మళ్ళీ అవే మాటలు: "సాక్ష్యమే లేదు" అనుకుంటేనే. 1898, 1973, 2023. మూడు రిలీజులు. నంబరు మారింది, కండిషను మారలేదు. మా ఆఫీసులో ఎవడైనా ఇలా చేస్తే కోడ్ రివ్యూలో ఉతికి ఆరేస్తాం.

గుమ్మం దగ్గర జల్లెడ

1973 కోడు ఇంకో జల్లెడ కూడా తీసేసింది. అంతకుముందు సెషన్స్ కోర్టుకి కేసు పంపేముందు మేజిస్ట్రేటు కొంత విచారణ చేసేవాడు. ఆలస్యం అవుతోందని దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు మేజిస్ట్రేటు చేసేది దాదాపుగా కాగితాలు పై కోర్టుకి పంపడమే. అటు కిందున్న జల్లెడ పోయింది, ఇటు పైనున్న జ్యూరీ పోయింది.

వాటి చోట్లో పెట్టింది 227వ సెక్షను (ఇప్పుడు 250). డిశ్చార్జి. పోలీసుల కాగితాలు చూసి, ఇరుపక్షాలూ చెప్పింది విని, ముందుకు పోవడానికి తగిన ఆధారం లేదనుకుంటే, కారణాలు రాసి ముద్దాయిని అక్కడే వదిలెయ్యాలి. "వదలొచ్చు" కాదు, "వదలాలి". ఎంత బాగుందో చూడండి!

1978లో ప్రఫుల్ల కుమార్ సమల్ కేసులో సుప్రీం కోర్టు ఇంకా బాగా చెప్పింది. జడ్జి పోస్టాఫీసు కాదు, ప్రాసిక్యూషన్ చెప్పిందల్లా పలికే నోరు కాదు. సాక్ష్యాన్ని కొంతమేరకు జల్లించి చూడొచ్చు. రెండు అభిప్రాయాలకీ సమానంగా చోటుండి, ఉన్నది కొంత అనుమానమే తప్ప బలమైన అనుమానం కాకపోతే వదిలెయ్యొచ్చు.

మరి సమస్య ఏంటి? ఆ పక్కనే, 1977లో రమేశ్ సింగ్ కేసులో, బలమైన అనుమానం ఉంటే చాలు ఛార్జి పెట్టడానికి అన్నారు. 2004 చివర్లో దేబేంద్రనాథ్ పాఢీ కేసులోనేమో, ఛార్జి పెట్టే దశలో ముద్దాయి తన వైపు కాగితాలు చూపించకూడదు, పోలీసులు పెట్టినవే చూడాలి అన్నారు. (పోలీసులు దాచేసిన తిరుగులేని సాక్ష్యానికి తర్వాత కొంత మినహాయింపు ఇచ్చారు లెండి.) అంటే ఒక్క పక్షం కాగితాలే చూసి, "అనుమానం" అనే కొలతతో కొలవాలి. కింది కోర్టు జడ్జికి ఏది సులువు? వదిలేస్తే కారణాలు రాయాలి. పై కోర్టు అడుగుతుంది. పేపర్లో పేరొస్తుంది. ఛార్జి పెట్టేస్తే ఎవరూ అడగరు. సహజంగానే పోస్టాఫీసు మళ్ళీ తెరుచుకుంటుంది.

దాని ఫలితం జైళ్ళలో కనిపిస్తుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలో ఖైదీలు 5,73,220 మంది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి 75 మందికి పైగా. వీళ్ళందరూ అమాయకులని నేననడం లేదు. కానీ వీళ్ళలో ఎంతమంది కాగితాలని ఎవరైనా జల్లించి చూశారు?

పదిహేనేళ్ళ "ట్రయల్లో తేలడం"

కొత్త కోడు అమల్లోకొచ్చిన 1974లోనే మొదలైంది సికింద్రాబాద్ కుట్ర కేసు. మా వరంగల్ వరవరరావు, చెరబండరాజు, కె.వి.రమణారెడ్డి, ఎం.టి.ఖాన్ వంటి రచయితలు ముద్దాయిలు. వాళ్ళ రాజకీయాలు మీకు నచ్చకపోవచ్చు. నాకూ అన్నీ నచ్చవు. ప్రశ్న అది కాదు. 1974లో పెట్టిన కేసు 1989లో వీగిపోయింది. పదిహేనేళ్ళు! చెరబండరాజు 1982లోనే చనిపోయారు. ఆయన విషయంలో "ట్రయల్లో తేలింది" అని ఎవరికి చెప్పాలి?

సరే, అది పాత కథ అంటారా? మన అమలాపురం నుంచి ఢిల్లీ వెళ్ళి ఇంగ్లీషు పాఠాలు చెప్పుకున్న జి.ఎన్.సాయిబాబా కథ నిన్నగాక మొన్నటిది. 2014 మేలో అరెస్టు. 2017 మార్చిలో గడ్చిరోలి కోర్టు యావజ్జీవం. 2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు వదిలెయ్యమంది. మర్నాడే, శనివారం పూట ప్రత్యేకంగా కూచుని మరీ, సుప్రీం కోర్టు ఆ తీర్పుని ఆపింది. మళ్ళీ హైకోర్టు. 2024 మార్చి 5న మళ్ళీ నిర్దోషి. ఈసారి అనుమతి సరిగా లేదని మాత్రమే కాదు, ఆయన ఇంట్లో దొరికాయన్న వస్తువుల జప్తు రుజువు కాలేదని, ఎలక్ట్రానిక్ సాక్ష్యం నిలవదని కూడా చెప్పింది. 2024 అక్టోబరు 12న హైదరాబాద్ నిమ్స్‌లో ఆయన చనిపోయారు. పదేళ్ళ కేసు, ఏడు నెలల స్వేచ్ఛ.

ఎలక్ట్రానిక్ సాక్ష్యం గురించి నా వృత్తి ధర్మంగా ఒక్క మాట. హార్డ్ డిస్కుని ఎవరు, ఎప్పుడు, ఎవరి ఎదుట సీలు చేశారు, తీసుకున్న నిమిషంలో హ్యాష్ విలువ రాసుకున్నారా, కాపీ మీద పని చేశారా అసలు మీదా... వీటికి సాక్షి ముఖం చూసి జవాబు చెప్పక్కర్లేదు. కాగితం మీద ఉంటుంది లేదా ఉండదు. మొదటి రోజు లేనిది పదేళ్ళ తర్వాత పుట్టుకురాదు. ఇలాంటి వాటిని కూడా "ట్రయల్లో చూద్దాం" అంటే, ఏం చూస్తారు?

మరి ఏది ట్రయల్ దాకా పోవాలి?

అన్నీ గుమ్మం దగ్గరే ఆపెయ్యమనడం లేదు. నా లెక్క చాలా సులువు.

జడ్జి తనని తాను ఒకటే ప్రశ్న వేసుకోవాలి: "ఈ ఛార్జిషీటులో చట్టం ఒప్పుకునే సాక్ష్యం ఏదుందో అదంతా అక్షరాలా నిజమే అనుకుందాం. అప్పుడైనా నేరం రుజువవుతుందా?" కాదు అనిపిస్తే అక్కడే ఆపాలి. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు, పక్క ముద్దాయి చెప్పాడట అన్న మాట, "విశ్వసనీయ సమాచారం మేరకు" అన్న వాక్యం, వీటిని తీసేసి చూడాలి. పోలీసు ఒప్పుకోలు కోర్టులో చెల్లదని చట్టమే చెప్తోంది కదా (1872 చట్టంలో 25వ సెక్షను, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 23). రేపు చెల్లనిది ఇవాళ ఎలా చెల్లుతుంది?

రుజువవుతుంది అనిపించి, మిగిలిన ప్రశ్న "ఈ సాక్షిని నమ్మాలా వద్దా" అన్నదైతే, అప్పుడు ట్రయల్. సాక్షిని బోనెక్కించాలి, క్రాసు చెయ్యాలి, ముఖం చూడాలి. అది జ్యూరీ పని. మన దగ్గర జ్యూరీ టోపీ కూడా జడ్జే పెట్టుకున్నాడు కాబట్టి, అది ఆయన పని.

ఇక్కడ విజయవాడ కేసు చెప్పుకోవాలి. 2007 డిసెంబరు 27న ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థినిని అత్యాచారం చేసి చంపేశారు. రాష్ట్రం అట్టుడికింది. 2008 ఆగస్టులో పోలీసులు ఒక పేద యువకుణ్ణి పట్టుకుని ఇతనే అన్నారు. ఆ అమ్మాయి తల్లిదండ్రులే ఇతను కాదు మొర్రో అన్నారు. అయినా 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసింది. 2017 మార్చి 31న జస్టిస్ సి.వి.నాగార్జున రెడ్డి, జస్టిస్ ఎం.ఎస్.కె.జైస్వాల్ ధర్మాసనం ఆ శిక్ష కొట్టేసి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. ఎనిమిదేళ్ళకి పైగా జైలు, లక్ష రూపాయలు. మీరే లెక్కేసుకోండి. 2018లో హైకోర్టు సీబీఐని మళ్ళీ మొదట్నుంచీ దర్యాప్తు చెయ్యమంది.

ఆ కేసుని గుమ్మం దగ్గరే ఆపాల్సింది అని నేననను. పోలీసులు డీఎన్ఏ అన్నారు, దొరికిన వస్తువులన్నారు. కాగితం మీద చూస్తే ట్రయల్‌కి పోవాల్సిందే. పోయింది. కానీ ట్రయల్లో ఆ జ్యూరీ టోపీ ఎక్కడ? పన్నెండు మంది కూచుంటే అందులో ఒక్కడైనా "ఏమండీ, ఇదెలా సాధ్యం?" అని అడుగుతాడన్నదే జ్యూరీ మీద ఆశ. జడ్జి ఒక్కడే ఉన్నప్పుడు ఆ పన్నెండో మనిషి అనుమానం కూడా ఆయనే పడాలి. గుమ్మం దగ్గర "ట్రయల్లో చూద్దాం" అనేసి, ట్రయల్లో "హైకోర్టు చూసుకుంటుంది" అనేస్తే, చివరికి చూసేది హైకోర్టే. ఆరున్నరేళ్ళ తర్వాత.

అయితే జ్యూరీని మళ్ళీ తెద్దామా?

ఇక్కడ చాలామంది ఉత్సాహపడతారు. "ప్రజలే తీర్పు చెప్పాలి!" నేను మాత్రం చచ్చినా వద్దంటాను. వరంగల్ వాణ్ణి కదా.

2008 డిసెంబరు 10న మా ఊళ్ళో ఇద్దరు ఇంజినీరింగు అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. వాళ్ళలో ఒకమ్మాయి ఆ నెలాఖరుకి చనిపోయింది. ఘోరం, అందులో రెండో మాట లేదు. 13వ తేదీ కల్లా ముగ్గురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చచ్చిపోయారు. "ఆధారాలు చూపించడానికి తీసుకెళ్తే దాడి చేశారు, ఆత్మరక్షణ కోసం కాల్చాం." అప్పుడు ఎస్పీ సజ్జనార్. జనం పోలీసులకి పూలదండలేశారు. నేనప్పుడు ఆరో తరగతి. ఇంట్లో, బళ్ళో, కిరాణా కొట్టు దగ్గర అందరిదీ ఒకటే మాట: "మంచి పని చేసిండ్రు." ఊరంతా జ్యూరీ. ఏకగ్రీవం. ఒక్క సాక్షినీ విన్లేదు, ఒక్క కాగితమూ చూడలేదు.

పదకొండేళ్ళ తర్వాత, 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లిలో మళ్ళీ అదే బొమ్మ. ఈసారి నలుగురు. సజ్జనార్ సైబరాబాద్ కమిషనరు. మళ్ళీ పూలు. సుప్రీం కోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, ఆత్మరక్షణ కథ నమ్మలేమని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని అంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. పూలు చల్లినవాళ్ళలో ఎవరైనా ఆ నివేదిక చదివారా?

నానావతి కేసులోనూ ఇంతే. ప్రేమ, పరువు, నేవీ యూనిఫాం, పత్రికల హోరు. జ్యూరీ 8-1తో నిర్దోషి అంది. ఈ తీర్పు సాక్ష్యానికి విరుద్ధమని సెషన్స్ జడ్జి హైకోర్టుకి నివేదించాడు. శిక్ష పడింది. 1961లో సుప్రీం కోర్టు ఖాయం చేసింది. ఇంకో వైపు నుంచి చూస్తే మద్రాసు లక్ష్మీకాంతన్ హత్య కేసు. 1945లో జ్యూరీ మెజారిటీతో ఎం.కె.త్యాగరాజ భాగవతార్‌ని, ఎన్.ఎస్.కృష్ణన్‌ని దోషులంది. ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి తిరిగొచ్చి, 1947లో హైకోర్టు ఇద్దరినీ వదిలేసింది. ఒకచోట హీరో అని వదిలేశారు, ఇంకోచోట సినిమా హీరోలైనా వేసేశారు. పైపెచ్చు జ్యూరీ కారణాలు చెప్పదు. జడ్జి కారణాలు రాస్తాడు. రాశాడు కాబట్టే విజయవాడ తీర్పుని హైకోర్టు ముక్క ముక్కగా విప్పి చూడగలిగింది.

కాబట్టి నాకు జ్యూరీ వద్దు. జ్యూరీ లేదన్న సంగతి జడ్జీలకి గుర్తుంటే చాలు.

"అయితే మరి..." అనేవాళ్ళకి

*"ఇలా వదిలేసుకుంటూ పోతే నేరస్తులందరూ తప్పించుకుంటారు."* డిశ్చార్జి అంటే నిర్దోషి అని ముద్ర వెయ్యడం కాదు. కొత్త సాక్ష్యం దొరికితే మళ్ళీ పట్టుకోవచ్చు. తప్పుగా వదిలారనిపిస్తే ప్రభుత్వం హైకోర్టుకి పోవచ్చు. 232 కింద నిర్దోషి అన్నా అప్పీలు ఉంది. అమెరికా జడ్జికి ఉన్న "ఇక దిద్దుకోలేం" భయం మనకి లేదు. వాళ్ళు జంకడానికి కారణం ఉంది, మనకి అదీ లేదు.

*"డిశ్చార్జి పిటిషన్లు పెద్దవాళ్ళు కేసు సాగదియ్యడానికే వాడుకుంటారు."* నిజమే. జగన్ ఆస్తుల కేసుల్లో సీబీఐ ఛార్జిషీట్లు 2012 నుంచీ ఉన్నాయి. హైదరాబాద్ సీబీఐ కోర్టులో డిశ్చార్జి పిటిషన్లు ఏళ్ళ తరబడి నానాయి. కానీ ఆ తప్పు ఎవరిది? పిటిషను వెయ్యడం హక్కు. దాన్ని తేల్చకుండా కూచోడం హక్కు కాదు. అవునో కాదో రెండు నెలల్లో కారణాలతో రాసిపడేస్తే, అటు అమాయకుడు బయటపడతాడు, ఇటు తప్పు చేసినవాడు బోనెక్కుతాడు. కొత్త సంహితలో డిశ్చార్జి అడగడానికి అరవై రోజులు, మొదటి హియరింగు నుంచి ఛార్జి పెట్టడానికి అరవై రోజులు అని రాశారు. మంచిదే. అమలు చెయ్యండి. కాకపోతే అరవై రోజుల్లో పోస్టాఫీసు ముద్ర వెయ్యడం కాదు, జల్లించి చూడండి.

*"బాధితుల గోడు పట్టదా?"* పడుతుంది కాబట్టే అంటున్నాను. తప్పు మనిషిని పదేళ్ళు బోనులో నిలబెడితే, అసలువాడు పదేళ్ళు హాయిగా తిరుగుతాడు. విజయవాడ అమ్మాయి తల్లిదండ్రుల్ని అడగండి.

చివరగా

మన కోర్టులకి చేతకాదని నేననుకోవట్లేదు. మా ఊరే సాక్ష్యం. 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాప మీద అత్యాచారం, హత్య. వరంగల్ కోర్టు ఆగస్టు 8న, యాభై ఒక్క రోజుల్లో తీర్పు చెప్పింది. ఉరిని హైకోర్టు ఆ నవంబరులో యావజ్జీవంగా మార్చింది, కానీ నేరం రుజువైందన్న మాట నిలిచింది. 2020 మేలో గొర్రెకుంట బావిలో తొమ్మిది శవాలు. ఆ అక్టోబరుకల్లా వరంగల్ కోర్టు తీర్పు వచ్చేసింది. తుపాకీ అక్కర్లేదు, జనం అరుపులు అక్కర్లేదు. సాక్ష్యం ఉంటే కోర్టు నెలల్లో తేల్చగలదు.

అంటే సాక్ష్యం ఉన్నప్పుడు త్వరగా శిక్ష వెయ్యడం వచ్చు. సాక్ష్యం లేనప్పుడు త్వరగా వదలడం మాత్రం రాదు. ఎందుకు రాదు? మొదటి దానికి దండలు పడతాయి, రెండో దానికి రాళ్ళు పడతాయి. ఆ రాళ్ళకి భయపడి "ట్రయల్లో తేలాలి" అనే వాక్యం వెనక దాక్కోవడం వినయం కాదు.

255లో "సాక్ష్యమే లేదు" అన్న చోట "శిక్షకి చాలిన సాక్ష్యం లేదు" అని మార్చండి. ఛార్జి పెట్టేటప్పుడు కూడా, వదిలేటప్పుడు రాసినట్టే, కారణాలు రాయాలని పెట్టండి. "ఈ ఫలానా సాక్ష్యం నిజమైతే ఈ ఫలానా నేరం రుజువవుతుంది" అని ఒక్క పేజీ. అది రాయలేకపోతే ఆ కేసు లేదన్నమాట. రెండు లైన్ల ప్యాచ్. దానికి వందేళ్ళు దాటిన కండిషను తీసెయ్యాలి, అంతే.

జ్యూరీ లేని కోర్టులో జడ్జికి పక్క కుర్చీ ఖాళీ. అటు చూసి "మీరు చెప్పండి" అంటే ఎవరు పలుకుతారు?